జాగ్రత్త: పుస్తకం వేసి ప్రచారం కూడా చేస్తామనే ప్యాకేజీలు (నా 38,500 ఏమైందంటే)

నెల్లూరు నుంచి రాస్తున్నా. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుందామనుకునేవాళ్ళు, అందులోనూ కథలో గే పాత్రలున్నవాళ్ళు, అడ్వాన్సు కొట్టేముందు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి. ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని ఇంకో పేజీ తెరుచుకోవడం వాళ్ళకి ఒక పూట పని. పద్ధతి తెలిస్తే చాలు, ఎవడైనా దొరికిపోతాడు.

నాది ఫాంటసీ నవల. పెన్న ఒడ్డున ఒక కోట. కోట బంటు వీరడు, రేవులో పడవ నడిపే చెన్నడు. మన బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటారు కదా, అట్టాంటి చెరువే కథలోనూ ఉంటుంది. ఒకే రొట్టెని ఇద్దరూ చెరో వైపు పట్టుకుంటారు, ఇక వదలరు. అంతే కథ. నాలుగేళ్ళు రాశా.

ఫోన్లో మాట్లాడినతనికి మొదటిరోజే చెప్పా, ఇది ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ అని. "ఇప్పుడు ట్రెండే అది సార్, దుమ్ము లేచిపోద్ది" అన్నాడు. ప్యాకేజీలో 200 కాపీలు, కవరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు), మూడు నెలల ప్రచారం, 50 ఫైవ్ స్టార్ రివ్యూలు. మొత్తం 38,500. కట్టేశా.

ప్రూఫ్ అని పీడీఎఫ్ పంపారు. 32 పేజీలు, అంటే రెండు ఫారాలు. మిగతాది ఏదని అడిగితే, "శాంపిల్ ఓకే అంటే మొత్తం ఓకే అన్నట్టే సార్, మెషీన్ మీద డేట్ పోతది" అన్నాడు. ఓకే అన్నా. ఆ రెండు ఫారాల్లో వీరడూ చెన్నడూ ఇంకా కలవనే లేదు. కలిసేది మూడో ఫారంలో. వాళ్ళ పని మొదలైంది కూడా అక్కణ్ణించే.

పెట్టె ఆర్టీసీ కార్గోలో వచ్చింది. బస్టాండు నుంచి తెచ్చుకుని, గది తలుపు గడియపెట్టి, కింద కూర్చుని విప్పా. కవరు మీద పట్టుచీర కట్టుకున్న అమ్మాయి. మా నవల్లో పట్టుచీర లేదు, ఆ అమ్మాయీ లేదు. 87వ పేజీ తీశా. నేను రాసింది "అతడు మీసం మెలేసి నవ్వాడు" అని. అచ్చయింది ఇది: "ఆమె మీసం మెలేసి నవ్వాడు."

ఒకటికి రెండుసార్లు చదివితే అర్థమైంది. కంప్యూటర్లో "అతడు" అన్న ప్రతిచోటా "ఆమె" అని ఒక్క నొక్కుతో మార్చి పారేశారు. పడవవాణ్ణి ఆడపిల్లని చేస్తే ప్రేమకథ "మామూలు" అయిపోతుందని వాళ్ళ లెక్క. కానీ ఇది తెలుగు కదా! మాట మారిస్తే క్రియ మారదు. "ఆమె వచ్చాడు", "ఆమె తెడ్డు వేశాడు", పక్క లైన్లోనే "అతడి చెయ్యి". పైగా ఆ నొక్కుడు చెన్నడి దగ్గర ఆగలేదు. వీరడూ ఆమె అయ్యాడు, డెబ్బై ఏళ్ళ కోట దళవాయి కూడా ఆమె అయ్యాడు. ఇద్దరు మగాళ్ళ ప్రేమ వద్దనుకుని, చివరికి మీసాలున్న ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమకథ 200 కాపీలు వేసిచ్చారు. ఆరోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు మాత్రం తలుచుకుంటే నవ్వాగదు.

ఫోన్ చేస్తే జవాబేంటంటే, "మన సంస్కృతికి సెట్ కాదని ఎడిటర్ గారు ఫీలయ్యారు సార్. రేపు కేసులైతే?" ఏ కేసులు నాయనా? ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది. సంస్కృతి సంగతంటారా, మా ఊరి తిక్కన భారతం మొదలెట్టిందే విరాటపర్వంతో. అందులో అర్జునుడు ఏడాదిపాటు బృహన్నల. అది గే కథ అని నేననను. ఆడామగా గీత దగ్గర తిక్కన మాత్రం కంగారుపడలా.

ఇక ప్రచారం. 50 రివ్యూల్లో వచ్చినవి 11. ఒకదాంట్లో "క్లాత్ మెత్తగా ఉంది, కలర్ పోలేదు" అని ఉంది. వారం తిరక్కుండా ఆన్‌లైన్ షాపువాళ్ళే అన్నీ పీకేశారు. డబ్బిచ్చి రాయించే రివ్యూలని అక్కడ ఒప్పుకోరు, ఈ సంగతి ప్యాకేజీ అమ్మేవాడికి తెలియకేం కాదు.

అసలు దెబ్బ ఇది కాదు. నేను కలంపేరుతో రాస్తా. ఇంట్లో మా అక్కకి తప్ప ఎవరికీ తెలీదు. వీళ్ళు ఒక పోస్టరు చేసి, పైన బూతుకథలకి పెట్టేలాంటి హెడ్డింగు, కింద "రచయితతో నేరుగా మాట్లాడండి" అని నా అసలు పేరు, నా సెల్ నంబరు వేసి గ్రూపుల్లో వదిలారు. రసీదు కోసం ఇచ్చిన వివరాలవి! రాత్రి పదకొండు తర్వాత ఫోన్లు. ఎవడో దాన్ని మా నాన్నకి ఫార్వర్డ్ చేశాడు, ఆయన రొయ్యల గుంటల దగ్గరున్నప్పుడు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడు. ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలా. నేనూ ఎత్తలా.

అందుకే చెప్తున్నా, డబ్బు కట్టేముందు రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి. నా అనుమతి లేకుండా అక్షరం మార్చకూడదు, ప్రెస్సుకి పోయే పూర్తి ఫైలు నాకు చూపించాలి అనేది ఒకటి. కలంపేరు తప్ప నా వివరం ఏదీ బయటికి పోకూడదు అనేది రెండోది. ఫోన్లో "చూసుకుంటాం సార్" అంటే ఒప్పుకోవద్దు. రాసివ్వడానికి నసిగాడంటే అక్కడే లేచి రండి. ఐఎస్‌బీఎన్‌కి నా దగ్గర 3,000 తీసుకున్నారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి: హక్కులు రాసిచ్చేశాం కదా అని ఊరుకోకండి. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 57 ఉంది. హక్కులు అమ్మేసినా సరే, మీ పరువు పోయేలా రచనని వికారం చేస్తే మీరు అడ్డుపడొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కంపెనీ ఎక్కడున్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. నేను 1915లో ఫిర్యాదు పెట్టాక పోస్టరు తీసేశారు, 12,000 వెనక్కి వచ్చాయి. మిగతాదానికి కాగితాలు సర్దుతున్నా.

నవల మళ్ళీ వేయించా, ఇక్కడే ట్రంకు రోడ్డుకి దగ్గర్లో ఒక డీటీపీ షాపులో. వంద కాపీలే. ఆ షాపాయన పేజీలు పెడుతూ మొత్తం చదివేశాడు. ఏమంటాడో అని నేను కుర్చీ అంచున కూర్చుని ఉన్నా. తల కూడా ఎత్తకుండా అడిగాడు, "అన్నా, ఈ పడవోడు చివర్లో చస్తాడా ఏంది? చంపబాకయ్యా."

చంపలేదులెండి.

పట్టుచీర అమ్మాయి కవరున్న కాపీ మీలో ఎవరైనా కొనుంటే తిరిగి పంపండి, సరైనది పంపిస్తా. పోస్టు ఖర్చు నాదే. పాతవన్నీ తూకానికి వేసేస్తున్నా. ఒక్కటి మాత్రం ఉంచుకుంటా, 87వ పేజీ కోసం.