పివట్ టేబుల్‌తో పేచీ లేదు, పేచీ అంతా తేదీల కాలమ్‌తోనే

ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పొడుగాటి పట్టీని కావలసిన వారీగా కూడి చూపించే సాధనం) ఏ మెనూలో ఉంటుందో, ఎలా పెట్టాలో ఇక్కడ చెప్పడం దండగ. సమ్‌ఇఫ్, వీలుకప్ ఫార్ములాలు దాటి వచ్చినవాళ్లకి అది తెలిసిందే. పక్కన రకం, పైన నెల, మధ్యలో క్వింటాళ్లు లాగి పడేస్తే సీజన్ లెక్కంతా ఒక్క తెర మీదికి వస్తుంది. ఇన్నేళ్ల వాడకం తర్వాత కూడా ఎక్సెల్‌లో ఈ పనికి దీన్ని మించింది లేదనే అంటాను. ఐదు నిమిషాల పని. దానికి మేత వేసే తేదీల కాలమ్ మీద కోపం మాత్రం ఏటేటా పెరుగుతోంది.

సాధన కోసం నెట్‌లో దొరికే ఫైళ్లలో అంతా శుభ్రంగా ఉంటుంది కాబట్టి వాటితో వచ్చే నేర్పు అంతంతమాత్రం. గుంటూరు మిర్చి కొనుగోళ్ల పట్టీలాంటిది ఒకటి తీసుకోండి. తేదీ, లాట్ నంబరు, రకం (తేజ, 334, బాడిగ), టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటాళ్లు, రేటు, మొత్తం అని ఏడు కాలమ్‌లు, ఐదారు వేల రోలు (అడ్డు వరుసలు) చాలు. కంట్రోల్ టీ కొట్టి ముందు దాన్ని టేబుల్‌గా మార్చండి. లేకపోతే రేపు కింద చేర్చిన రోలు పివట్ పరిధిలోకే రావు, ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా ఫలితం ఉండదు.

మొదట మెచ్చుకోవాల్సింది చెబుతాను. రేటు కాలమ్‌ని పివట్‌లోకి లాగి యావరేజ్ పెడితే వచ్చే అంకె వ్యాపారానికి పనికిరాదు. 14,000 చొప్పున 10 క్వింటాళ్లు, 12,000 చొప్పున 90 క్వింటాళ్లు కొంటే అది 13,000 చూపిస్తుంది. అసలు పడిన రేటు 12,200. దీనికి మందు క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్. పివట్‌టేబుల్ అనలైజ్ ట్యాబ్‌లో ఫీల్డ్స్, ఐటమ్స్ అండ్ సెట్స్ కింద ఉంటుంది. అక్కడ మొత్తాన్ని క్వింటాళ్లతో భాగించమని ఒక్క ఫార్ములా రాస్తే చాలు. రకం వారీగా, నెల వారీగా, కింద గ్రాండ్ టోటల్‌లో కూడా సరైన రేటే వస్తుంది. ఎందుకంటే అది రో రోకీ భాగించదు, ముందు రెండు కాలమ్‌లనూ విడివిడిగా కూడి, ఆ కూడికలను భాగిస్తుంది.

ఆ గుణమే ఇంకోచోట ముంచుతుంది. మొత్తం కాలమ్ లేదు కదా అని క్వింటాళ్లను రేటుతో గుణించమని అదే ఫీల్డ్‌లో రాశారనుకోండి. పై రెండు లాట్లకే 100 క్వింటాళ్లు, 26,000 రేటు గుణించి 26 లక్షలు చూపిస్తుంది. అసలు విలువ 12 లక్షల 20 వేలు. గుణకారం షీట్‌లోనే, ప్రతి రోలో జరగాలి. పివట్‌లో భాగహారం మాత్రమే. పివట్ పెట్టేటప్పుడు డేటా మోడల్‌కి చేర్చమనే గడిలో టిక్ పడితే క్యాలిక్యులేటెడ్ ఫీల్డ్ మసకబారి నొక్కడానికే వీలుండదు, అదీ చూసుకోవాలి.

ఇక తేదీలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్) ఫైలు వస్తుంది. తేదీ రోజు-నెల-సంవత్సరం క్రమంలో ఉంటుంది. కంప్యూటర్ కొన్నప్పటి నుంచీ విండోస్ రీజియన్ అమెరికా మీదే ఉంది, ఎవరూ మార్చలేదు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తారు. ఎక్సెల్ ప్రతి తేదీనీ నెల-రోజు-సంవత్సరంగా చదువుతుంది. 01-03-2025 జనవరి 3 అవుతుంది. 02-03 ఫిబ్రవరి 3, 04-03 ఏప్రిల్ 3, అలా 12-03 డిసెంబర్ 3. మూడో తేదీ ఒక్కటే ఎటు చదివినా ఒకటే కాబట్టి బతికిపోతుంది. 13 నుంచి 31 దాకా ఉన్నవి? పదమూడో నెల ఉండదు కదా, వాటిని అంకెగా మార్చలేక అక్షరాలుగానే వదిలేస్తుంది. ఒక్క మార్చి నెలలో 11 రోజులు తారుమారు, 19 రోజులు ఉత్త టెక్స్ట్.

తెర మీద చూస్తే అన్నీ తేదీల్లాగే ఉంటాయి. నిజమైన తేదీ గడిలో కుడివైపుకి, టెక్స్ట్ ఎడమవైపుకి ఆనుకుంటుంది, కాస్త కళ్లు పెడితే ఆ తేడా తెలుస్తుంది. కాలమ్‌ని అందంగా మధ్యకు సర్దేవాళ్లకి ఆ ఆధారం కూడా ఉండదు.

పివట్‌లో నెలల వారీగా గ్రూప్ చేయబోతే ఎంపికను గ్రూప్ చేయలేనని మొండికేస్తుంది. ఆ టెక్స్ట్ గడులే కారణం. వెతికితే టెక్స్ట్ టు కాలమ్స్‌లో డీఎంవై (రోజు-నెల-సంవత్సరం) పెట్టమని చిట్కా దొరుకుతుంది. ఎడమవైపు ఉన్న గడులను మాత్రం ఎంచుకుని ఆ చిట్కా వాడతారు. అవి కుడివైపుకి వస్తాయి, గ్రూప్ అవుతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. నా కోపమంతా ఇక్కడే. మొండికేసిన 19 రోజులూ బాగుపడ్డాయి, కిక్కురుమనకుండా తప్పు పోయిన 11 రోజులూ అలాగే ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉండాల్సిన సరుకు రాబడి పివట్‌లో అక్టోబర్, నవంబర్‌లలో కూడా పలచగా కనిపిస్తుంటే కోల్డ్ స్టోరేజీ సరుకేమో అనుకుని ముందుకెళ్లిపోతారు.

ఒక్క గడిని దగ్గరగా చూద్దాం. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక అంకె, 1900 జనవరి 1 నుంచి లెక్క. మార్చి 10, 2025 అంటే 45726. అదే గడి అక్టోబర్ 3గా చదివితే 45933. తేడా 207 రోజులు. లక్ష రూపాయల బాకీకి నూటికి రెండు రూపాయల వడ్డీ కడితే ఆ ఒక్క గడి వల్ల 13,800 అటూ ఇటూ అవుతుంది.

పాడైన కాలమ్‌ని బాగుచేయాలంటే టెక్స్ట్ టు కాలమ్స్ జోలికి పోకుండా పక్కన కొత్త కాలమ్ పెట్టండి. ఈజ్‌నంబర్‌తో గడి అంకెనా కాదా అని ఇఫ్‌లో అడగండి. అంకె అయితే డేట్ ఫంక్షన్‌లో సంవత్సరం తర్వాత నెల ఉండాల్సిన చోట డే, రోజు ఉండాల్సిన చోట మంత్ వేసి తిరగేయండి. అంకె కాకపోతే రైట్‌తో చివరి నాలుగు, మిడ్‌తో నాలుగో అక్షరం నుంచి రెండు, లెఫ్ట్‌తో మొదటి రెండు తీసి అదే డేట్‌లో పెట్టండి. చివర స్పేస్ ఉంటే రైట్ తప్పుతుంది, ట్రిమ్ తొడగండి.

దానికి ముందే ఒక పరీక్ష తప్పనిసరి. పాత కాలమ్‌లో అంకెగా ఉన్న గడుల డే విలువల్లో పెద్దది ఎంతో చూడండి. తిరగబడిన తేదీలో రోజుగా కనిపించేది అసలు నెల, కాబట్టి అది 12 దాటదు. దాటిందంటే ఎవరో కొన్ని తేదీలు చేత్తో సరిగ్గానే కొట్టారనో, పై డీఎంవై చిట్కా అప్పటికే వాడేశారనో అర్థం. అప్పుడు పై ఫార్ములా మంచివాటిని కూడా చెడగొడుతుంది. అసలు సీఎస్‌వీ మళ్లీ తెప్పించుకోవడం తప్ప దారి లేదు. అందుకే ఎక్సెల్‌లో తెరిచిన సీఎస్‌వీని అదే పేరుతో సేవ్ చేయకూడదు.

అసలు డబుల్ క్లిక్ మానేయడమే మేలు. డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ, తర్వాత ట్రాన్స్‌ఫార్మ్ డేటా. పవర్ క్వెరీ (డేటాని షీట్‌లోకి తెచ్చే ముందే శుభ్రం చేసే ఎక్సెల్ సాధనం) తెరుచుకోగానే కుడివైపు చేంజ్డ్ టైప్ అని తనంతట తానే వేసుకున్న మెట్టు ఉంటుంది, దాన్ని తీసేయండి. తేదీ కాలమ్ పేరు మీద రైట్ క్లిక్, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, డేట్, ఇంగ్లిష్ ఇండియా. ఒకసారి పెడితే తర్వాతి ఫైళ్లకి రిఫ్రెష్ ఒక్కటే. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీ బిల్లులో సరుకుని గుర్తించే నంబరు) కాలమ్ ఉంటే దాన్ని కూడా ఇక్కడే టెక్స్ట్‌గా మార్చేయాలి, లేకపోతే ఎండు మిర్చి 0904 కాస్తా 904 అయిపోతుంది. గూగుల్ షీట్స్ వాడేవాళ్లు ఫైల్ సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియాకి మార్చుకుంటే చాలావరకు గండం గట్టెక్కుతుంది.

ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండే ఆర్థిక సంవత్సరం పివట్ గ్రూపింగ్‌కి తెలియదు. ఈడేట్‌తో తేదీని మూడు నెలలు వెనక్కి జరిపి దాని ఇయర్ తీసి వేరే కాలమ్‌గా పెట్టుకోవాల్సిందే. తేజ పక్కన స్పేస్ ఉన్న తేజ వేరే రకంగా విడిపోవడం మామూలే. ట్రిమ్‌కి కూడా పోకపోతే వెబ్ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చిన 160 నంబరు స్పేస్ అది, సబ్‌స్టిట్యూట్‌తో తీసేయాలి.

ఐదు నిమిషాల పని అన్నాను. తేదీలు సరిగ్గా వచ్చాక ఐదు నిమిషాలే, అంతకుముందు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ అభిప్రాయం నాలుగైదు చోట్ల నుంచి వచ్చే ఫైళ్లను కలిపి, ఒక సీజన్‌కి మించని లెక్కలు చూసే వాడకం నుంచి వచ్చింది. ఒకే కంప్యూటర్‌లో చేత్తో ఎక్కించుకునే చిన్న దుకాణానికి ఈ గొడవలో సగం ఉండదు, వాళ్లు కళ్లు మూసుకుని పివట్ వాడుకోవచ్చు. బయటి సీఎస్‌వీలతో పనిచేసేవాళ్లకి మాత్రం ముందు పవర్ క్వెరీ, తర్వాతే పివట్ అంటాను. అది కూడా ఎక్సెల్ 2016 లేదా ఆ తర్వాతది చేతిలో ఉంటేనే.