ప్లస్ టూనా, ఐటీఐనా?

ఒడిశాలో పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో పదో తరగతి ఫలితాలు రాగానే ఇదే టెన్షన్: పిల్లల్ని ప్లస్ టూ (ఇంటర్)లో చేర్చాలా, ఐటీఐ (చేతిపనులు నేర్పే పారిశ్రామిక శిక్షణ సంస్థ)లోనా?

కాలం: ప్లస్ టూ రెండేళ్లు, ఆపైన డిగ్రీ ఎలాగూ తప్పదు. ఐటీఐలో వెల్డర్ ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు.

ఖర్చు: ప్రభుత్వ ఐటీఐలో ఫీజు తక్కువ. ప్లస్ టూ సైన్సుకు ట్యూషన్లు, కోచింగ్ అదనం.

భాష: దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సైన్సులో చేరగానే ఇంగ్లీషు పుస్తకాలు. మా మేనల్లుడు లెక్కల్లో చురుకైనవాడు, అయినా మొదటి ఏడాది అక్కడే వెనకబడ్డాడు. వర్క్‌షాపులో చేత్తో చేసి నేర్చుకునేవాళ్లకు ఈ భారం కొంత తగ్గుతుంది.

రిస్క్: ఐటీఐతో చదువు ఆగిపోతుందన్న భయం వదిలేయండి. రెండేళ్ల ట్రేడ్ పూర్తిచేస్తే లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) పరీక్షలు రాసి పన్నెండో తరగతి సర్టిఫికెట్టూ తెచ్చుకోవచ్చు. అసలు రిస్క్, మెషీన్లు మూలపడ్డ ఐటీఐలో చేరడం. వెళ్లి కళ్లారా చూడండి.

2020 జాతీయ విద్యా విధానం బడి చదువులోనే వృత్తి విద్యను కలపమంది. ప్రతి ప్లస్ టూ కాలేజీలో ఒక ట్రేడ్ నేర్పితే పదిహేనేళ్ల పిల్లలకు ఇదో అదో తేల్చుకోవాల్సిన అవస్థ ఉండదు.

నర్సింగు, టీచరు, బ్యాంకు ఉద్యోగం మీద మనసుంటే ప్లస్ టూ. ఇంటికి త్వరగా ఆసరా కావాలంటే, దామన్‌జోడి నాల్కో (అల్యూమినియం కంపెనీ), సునాబెడా హెచ్‌ఏఎల్ (విమానాల కంపెనీ) లాంటి చోట అప్రెంటిస్‌గా చేరాలనుంటే ఐటీఐ.