తుపాను ముంచుకొస్తే: నేషనల్ గార్డా, స్టేట్ గార్డా?

అమెరికాలో గవర్నర్ పిలిస్తే వచ్చే బలగాలు రెండు. నేషనల్ గార్డ్, అంటే పార్ట్‌టైమ్ సైనికుల దళం, అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా, వర్జీనియా లాంటి కొన్ని రాష్ట్రాలు దానికి తోడు స్టేట్ గార్డ్ లేదా స్టేట్ డిఫెన్స్ ఫోర్స్ పేరుతో స్వచ్ఛంద దళాన్ని నడుపుతున్నాయి. 1947లో మూతపడ్డ తన దళాన్ని ఫ్లోరిడా 2022లో మళ్లీ తెరిచింది. తుపాకులు పట్టుకుని సొంతంగా మిలీషియా పేరు పెట్టుకునే గుంపులు ఈ లెక్కలోకే రావు. వాటిని రాష్ట్రాలు నిషేధించవచ్చని ప్రెస్సర్ కేసులో సుప్రీంకోర్టు 1886లోనే తేల్చేసింది.

హెలికాప్టర్లు, వరదనీట్లో దిగే లారీలు, ఫెడరల్ నిధులు: వీటిలో నేషనల్ గార్డ్‌కు స్టేట్ గార్డ్ సాటిరాదు. అసలు తేడా వేరేచోట ఉంది. నేషనల్ గార్డ్‌ను ఫెడరల్ ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకోగలదు. విదేశీ శిక్షణకు పంపినా గవర్నర్ అడ్డుకోలేడని 1990లో పెర్పిచ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కత్రినా తుపాను విరుచుకుపడిన రోజున లూసియానా నేషనల్ గార్డ్‌కు చెందిన 256వ బ్రిగేడ్ ఇరాక్‌లో ఉంది. స్టేట్ గార్డ్‌ను మాత్రం దళంగా ఫెడరల్ సైన్యంలోకి పిలవడానికి వీల్లేదని ఫెడరల్ చట్టం (టైటిల్ 32, సెక్షన్ 109) చెబుతోంది. నిర్బంధ సైనిక సేవ వస్తే అందులోని వ్యక్తులకు మినహాయింపేమీ లేదు, అది వేరే సంగతి.

స్టేట్ గార్డ్‌కు నప్పే పని నీళ్లు, భోజనం పంచే కేంద్రం. ఒకే వరుసలో నడిచే కేంద్రం గంటకు 140 కార్లను పంపగలిగితే రోజుకు 5,000 మందికి సరిపోతుంది. కారుకు ముగ్గురు అనుకుని, మనిషికి ఒక గాలన్ నీళ్లు, రెండు భోజనం ప్యాకెట్లు లెక్కగడతారు. జనం కారు దిగకూడదు, డిక్కీ తెరిస్తే చాలు. ఒక్కరు దిగినా వరుసంతా ఆగుతుంది. ఎండలో బరువు మోసేవాళ్లను తరచూ మార్చకపోతే మధ్యాహ్నానికే మనుషులు పడిపోతారు. ఈ పనికి తుపాకీ అక్కర్లేదు, ఇంత సాయానికి నేషనల్ గార్డ్ ఇంజనీరింగ్ దళాన్ని కట్టిపడేయడం వృథా.

స్టేట్ గార్డ్ దెబ్బతినేదీ తెలిసిన చోట్లే. జాబితాలో పేర్లుంటాయి, పిలిచిన రోజు అందరూ రారు. సొంత వాహనాలు, సొంత డబ్బుతో కొన్న యూనిఫాం, పక్క విభాగానికి కలవని రేడియోలు. శిక్షణ లేని పని అప్పగిస్తే సాయానికి వచ్చినవాళ్లనే కాపాడాల్సి వస్తుంది. అందుకే నా మాట: రాష్ట్రానికి రెండూ కావాలి, కానీ స్టేట్ గార్డ్‌ను చిన్న సైన్యంలా కాక పంపిణీ, పునరావాస శిబిరాలు, రేడియో, వైద్యసాయం చేసే దళంగా పెంచాలి.

చేరాలనుకునేవాళ్లకు లెక్క వేరు. నేషనల్ గార్డ్‌లో నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు, జీతం, చదువు ఖర్చు, ఫెడరల్ చట్టమిచ్చే ఉద్యోగ రక్షణ. యుద్ధానికి పంపితే వెళ్లాల్సిందే. స్టేట్ గార్డ్‌లో డ్రిల్లుకు సాధారణంగా జీతముండదు, దేశం దాటాల్సిన పనీ లేదు. ఒకేసారి రెండింట్లో ఉండటం కుదరదు. ఇంటి దగ్గరే సాయపడాలనుకుంటే సెర్ట్ (CERT, విపత్తుల్లో స్థానికంగా సాయపడే పౌర స్వచ్ఛంద బృందం) చాలు: దాదాపు 20 గంటల శిక్షణ, సైనిక క్రమశిక్షణ ఉండదు. స్టేట్ గార్డ్ కాగితాల మీద సంతకం పెట్టేముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి: విధుల్లో గాయపడితే వైద్యఖర్చు ఎవరిది, పిలుపొచ్చి వెళ్తే ఉద్యోగానికి మీ రాష్ట్ర చట్టం రక్షణ ఇస్తుందా.