నేలమీద పొడుగు తీగా, నేలమీద లూపా: మీడియం వేవ్‌కి ఏది మేలు?

బెంగళూరులో రాత్రిపూట ఆకాశవాణి హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ సరిగా పట్టకపోవడానికి అసలు కారణం ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్ల గరగర. నేలమీద పరిచిన యాంటెన్నాలో సిగ్నల్ కొంత తగ్గుతుంది కానీ గరగర అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. అందుకే మాట తేటగా వినిపిస్తుంది.

ఊరి బయట దేవనహళ్లి వైపు పొలం ఉంటే పొడుగు తీగే వేయాలి. ప్లాస్టిక్ తొడుగున్న 1 చదరపు మి.మీ. రాగి తీగ 70–90 మీటర్లు చాలు. నేలకి ఆనుకున్న తీగలో తరంగం గాలిలోని వేగంలో దాదాపు సగంతోనే నడుస్తుంది. పొడవు మరీ పెంచితే గాలిలో తరంగానికీ తీగలో తరంగానికీ తాళం (ఫేజ్) తప్పి, వచ్చిన సిగ్నలే కొట్టుకుపోతుంది. విజయవాడ కోసం తీగ ఈశాన్యానికి పరిచి, రేడియో నైరుతి కొసన పెట్టాలి. హైదరాబాద్‌కైతే దాదాపు ఉత్తరానికే. స్టేషన్ వైపు కొసన రెసిస్టర్, దాని కింద ఎర్త్ కడ్డీ. ముందు 500 ఓమ్‌ల పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి, వెనకవైపు కేరళ స్టేషన్ ఏదైనా బాగా సన్నబడేదాకా తిప్పండి. మల్టీమీటర్‌తో కొలిచి అదే విలువ కార్బన్ రెసిస్టర్ వేయండి. మామూలుగా 200–300 మధ్య తేలుతుంది. వైర్‌వౌండ్ వద్దు, అది కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. వానాకాలంలో నేల తడిశాక మళ్లీ సరిచూడాలి.

ఈ తీగకి ఎండు ఎర్రనేల, రాతినేల అచ్చివస్తాయి. తరంగం కాస్త ముందుకి వంగితేనే తీగలో కరెంటు పుడుతుంది. చెన్నై ఈసీఆర్ (సముద్రతీరం రోడ్డు) పక్కన ఉప్పుతడి ఇసుక ఆ వంపు రానివ్వదు. అక్కడ ఈ తీగ అంతగా పనిచేయదు.

30×40 అడుగుల సైట్‌లో అయితే లూపే, అంటే కొసలు రెండూ ఒకేచోటికి తిరిగివచ్చే తీగ. 5 మీటర్ల భుజంతో చతురస్రం, 20 మీటర్ల తీగ, ఎర్త్ కడ్డీ అక్కర్లేదు. కానీ రెండు వైపులా ఒకేలా వింటుంది, వెనక స్టేషన్‌ని ఆపలేదు. సిగ్నల్ చిన్నది కాబట్టి యాంప్లిఫయర్ కావాలి. 612 కిలోహెర్ట్జ్‌లో 200 కిలోవాట్ల బెంగళూరు స్టేషన్ ఆ యాంప్లిఫయర్‌ని ముంచేసి, డయల్‌లో తాను లేనిచోట్ల కూడా వినిపిస్తుంది. యాంప్లిఫయర్‌కి ముందే 612ని కోసే ఫిల్టర్ పెట్టండి.

రెంటికీ యాంటెన్నాని కేబుల్‌కి కలిపే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే: బీఎన్-73-202 అనే రెండు రంధ్రాల ఫెర్రైట్ దిమ్మ మీద కేబుల్ వైపు 4 చుట్లు, యాంటెన్నా వైపు 8. కేబుల్ టీవీకి వాడే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 సరిపోతుంది. ఈ రెండు వైపుల చుట్లనీ ఎక్కడా ఒకదానితో ఒకటి కలపకండి. కలిపితే ఇంటి గరగర కేబుల్ పైతొడుగు మీదుగా నేరుగా యాంటెన్నాలోకి పోతుంది. ఎక్కువ యాంటెన్నాలు చెడేది ఇక్కడే. చూడాలంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర యాంటెన్నా తీగ ఊడదీసి, కేబుల్ అలాగే ఉంచి వినండి. గరగర ఇంకా వస్తుంటే అది కేబుల్‌దే. కేబుల్‌ని పెద్ద ఫెర్రైట్ రింగ్ మీద 10 చుట్లు చుట్టి, మళ్లీ వినండి.