పసుపు పూల వాకింగ్ ఐరిస్: గుంటూరు ఎండలో కొన్నేళ్లు పెంచాక నా మాట

ముందే చెప్పేస్తాను, పూల కోసమే అయితే ఈ మొక్క కొనకండి. ఏడాదంతా పచ్చగా ఉండే ఆకు కావాలి, సగం పూటే ఎండ పడే మూల ఒకటి ఖాళీగా ఉంది, పొద్దున్నే పెరట్లోకి వెళ్లే అలవాటుంది అంటారా, అప్పుడు కళ్లు మూసుకుని తెచ్చుకోండి.

నర్సరీల్లో దీనికి ఒక్క పేరు లేదు. కొందరు నియోమారికా అంటారు, కొన్ని కుండీల మీద ట్రైమెజియా అని చీటీ ఉంటుంది, ఎక్కువమంది ఎల్లో ఐరిస్ అనేసి ఊరుకుంటారు. అందుకని పేరు పక్కన పెట్టి మొక్కను చూడండి. ఆకులు రెండడుగుల దాకా పొడవు పెరుగుతాయి, విసనకర్ర విప్పినట్టు ఒకే వరసలో ఉంటాయి. పువ్వుకు బయట మూడు పెద్ద పసుపు రెక్కలు, లోపల ముడుచుకున్న మూడు చిన్నవి, మధ్యలో గోధుమరంగు మచ్చలు. పూల కాడ గుండ్రంగా ఉంటే ఇదే. కాడ కూడా ఆకులాగే చదునుగా ఉంటే అది ఎక్కువగా తెలుపు, నీలం పూలు పూసే ఇంకో రకం. పూలు లేనప్పుడు కొనేవాళ్లకు ఇది పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో ఊదారంగు పూల ఫొటో పెట్టి బియర్డెడ్ ఐరిస్ దుంపలు అమ్ముతుంటారు. మన వైపు వాటి జోలికి పోవద్దు. వాటికి చలికాలంలో గట్టి చలి తగిలితేనే మొగ్గ కడుతుంది. ఆ జాతి ఐరిస్‌లు కాశ్మీరులో సమాధుల మీద కూడా బ్రహ్మాండంగా పూస్తాయి కానీ గుంటూరు జనవరిని అవి చలిగా లెక్కపెట్టవు. పసుపు వాకింగ్ ఐరిస్ మాత్రం అమెరికా ఖండంలోని వేడి, తేమ ప్రాంతాల నుంచి వచ్చింది కాబట్టి దానికి చలితో పనిలేదు.

వేడి ప్రాంతం మొక్కే అయినా మన ఎండ వేరు. నాకు అమ్మినతను "ఫుల్ సన్‌లో పెట్టండమ్మా, ఏం కాదు" అన్నాడు. మా ఇంట్లో మూడు చోట్ల పెట్టాను. పడమటి వైపు కుండీల్లో ఏప్రిల్ వచ్చేసరికి ఆకు రంగు వెలిసిపోయి కొసలు మాడిపోయాయి, రోహిణి కార్తెలో చూడబుద్ధి కాలేదు. చనిపోలేదు, అంతే. ఉత్తరాన మామిడి చెట్టు కింద పెట్టింది ముదురాకుపచ్చగా, ఏపుగా పెరిగింది కానీ పూలు దాదాపు సున్నా. తూర్పు ప్రహరీ పక్కన, పదింటిదాకా ఎండ పడి తర్వాత నీడ వచ్చే చోట ఆకూ బాగుంది, పూలూ వచ్చాయి. ఇప్పుడు అన్నీ అక్కడే. అపార్ట్‌మెంట్ వాళ్లయితే తూర్పు బాల్కనీ సరిపోతుంది. పడమటి బాల్కనీ అయితే షేడ్ నెట్ కట్టాల్సిందే.

ఇక నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పన. వరసగా అవే పోస్తే ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. చాలామంది తెగులు అనుకుని మందులు కొడతారు, దండగ. కుండీ మట్టిలో ఉప్పు పేరుకోవడం వల్ల వచ్చేది అది. మున్సిపల్ కుళాయిలో కృష్ణా నీళ్లు వచ్చినప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోస్తాను, అప్పుడప్పుడూ అలా చేస్తే చాలు, కొత్తగా వచ్చే ఆకు శుభ్రంగా వస్తుంది. పాత ఆకు కొస కత్తిరించుకోవడమే. తడి అంటే దీనికి ఇష్టం, ఎండాకాలం రోజూ తాగుతుంది. అలాగని ఉత్త నల్లమట్టిలో పెట్టకండి. మన నల్లరేగడి వానకు బంకలా పట్టేస్తుంది, ఎండకు నెర్రెలు ఇస్తుంది, రెండూ దుంపకు మంచిది కాదు. నల్లమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి పోశాను. ఇంకే ఎరువూ వెయ్యను. యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది.

పువ్వు సంగతి. తెల్లవారాక విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది, ఆ ఒక్క రోజే. అత్తయ్యగారు ఒకసారి దేవుడికని కోస్తే పూజ పూర్తయ్యేలోపే వాడిపోయింది. "చూడ్డానికి తప్ప దేనికీ పనికిరాదు" అని తేల్చేశారు, అది నిజమే. తొమ్మిదింటికి ఆఫీసుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు ఆదివారం పూస్తే తప్ప దీన్ని చూడలేరు. ఇంకో చిత్రం, నాలుగు కుండీలుంటే నాలుగూ ఒకే రోజు పూస్తాయి, తర్వాత కొన్నాళ్లు ఏమీ ఉండవు. మా ఇంట్లో తొలకరి తర్వాత నుంచి దసరా దాకా ఇలా విడతలు విడతలుగా వస్తాయి, మిగతా కాలంలో అడపాదడపా.

పువ్వు రాలిందని కాడ కోసేయకండి. అదే కాడకు మళ్లీ మళ్లీ మొగ్గలు వస్తాయి, ఆ తర్వాత కొసన చిన్న పిల్ల మొక్క పుడుతుంది. అది బరువెక్కే కొద్దీ కాడ వంగి నేలను తాకుతుంది, తాకిన చోట వేళ్లు పోసుకుంటుంది. వాకింగ్ అనేది ఈ నడక చూసే. కాడ కొస కింద చిన్న కుండీ పెట్టి, వంచిన తీగముక్కతో మట్టికి అదిమి, వేరు పట్టాక కోసేస్తే కొత్త మొక్క తయారు. నేలలో పెట్టినవాళ్లకు ఇదే తలనొప్పి. పక్క మడిలోని కనకాంబరాల్లోకి కూడా వచ్చేసింది మా ఇంట్లో. కుండీలో అయితే రెండు మూడేళ్లకు దుంపలు కిక్కిరిసి, పల్చటి ప్లాస్టిక్ కుండీ అయితే పక్కలకు ఉబ్బుతుంది. అప్పుడు విడదీసి నాటాలి. ఆ పని వానలు పడ్డాకే చెయ్యండి, మే నెలలో వద్దు.

పురుగుల బాధ తక్కువ. ఆకుల మొదట్లో పిండినల్లి చేరితే నీళ్లలో కాస్త వేపనూనె, సబ్బు కలిపి కొడతాను. వానాకాలం నత్తలు లేత మొగ్గల్ని కొరికేస్తాయి, రాత్రి టార్చిలైటు వేసి ఏరడమే మందు.

ధర గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఖరీదైన మొక్క కాదు. ఎక్కువ పిలకలున్న కుండీ తీసుకోండి, ముందుగా పూస్తుంది. అసలు కొనే ముందు మీ వీధిలో ఎవరింట్లోనైనా ఉందేమో అడగండి. పెంచేవాళ్ల దగ్గర పిల్ల మొక్కలు ఎప్పుడూ మిగిలే ఉంటాయి, ఊరికే ఇస్తారు. మా పక్కింటి పిన్నిగారికి ఇచ్చీ ఇచ్చీ, ఇప్పుడు నన్ను చూస్తేనే "ఐరిస్ అయితే వద్దమ్మా" అంటున్నారు.