పాత మైక్రోస్కోపుకు పైనుంచి వెలుగు: తిరుపతిలో ఒక రిపేరు అంగడి

తిరుపతిలో మైక్రోస్కోపు బాగుచేయించేది ఎక్కువగా రక్తపరీక్షల ల్యాబుల వాళ్ళే. నా అవసరం వేరు. డిగ్రీ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను, లిక్విడ్ క్రిస్టల్ (ద్రవంలా పారుతూనే అణువులు వరుసగా అమరి ఉండే పదార్థం) పొరలో బ్రౌనియన్ చలనం, అంటే చుట్టూ ఉన్న అణువుల తాకిడికి చిన్న రేణువులు అటూఇటూ తచ్చాడడం, చూపించాలి. కాలేజీ పాత మైక్రోస్కోపును లీలామహల్ సర్కిల్ వైపున్న ఒక చిన్న అంగట్లో ఇచ్చాను.

ఈ పనికి కిందినుంచి వచ్చే లైటు చాలదు. 8సీబీ అనే లిక్విడ్ క్రిస్టల్‌ను కొద్దిగా తీసుకుని, రేకులో గుండ్రటి చిల్లు మీదుగా గాజుపలక అంచుతో లాగితే సబ్బుపొరలా నిలుస్తుంది. ఒక్కో అణువుల వరుస మందం సుమారు 3 నానోమీటర్లు. రెండు మూడు వరుసలే ఉన్న పొర దాదాపు నల్లగా ఉంటుంది. వరుసలు ఎక్కువున్నచోట గుండ్రటి దీవులు తెల్లగా మెరుస్తాయి. అవి కనబడాలంటే వెలుగు లెన్సులోంచే దిగి, పొరను తాకి తిరిగి రావాలి. అంగడాయన లోపల బీమ్‌స్ప్లిటర్ గాజు (వెలుగును కొంత మళ్ళించి, కొంత వదిలేది), పక్కన ఎల్‌ఈడీ బిగించారు. 33.5 డిగ్రీలు దాటితే వరుసలు చెదిరి పొర తెగిపోతుందని చెప్పాను. "అయితే లైటు లోపల వద్దు మేడమ్, బయటే పెడతా" అని ఎల్‌ఈడీని అల్యూమినియం ముక్కకు అతికించి గొట్టం చివర పెట్టారు. స్టేజి కింద వేడి అసలు తగలదు.

ఫలితం తెర మీదే చూశాం. నీళ్ళలో రేణువు సైజు రెట్టింపైతే దాని విసరణ (తచ్చాడుతూ వ్యాపించే తీరు) సగానికి పడిపోతుంది. పలచటి పొరలో అలా కాదు. ప్రవాహం ఆ తలంలోనే సాగాలి కాబట్టి సైజు ప్రభావం లాగరిథమ్ లెక్కన, చాలా తక్కువగా ఉంటుందని 1975లో సాఫ్‌మన్, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చిన్న దీవీ, దానికి రెట్టింపున్నదీ దాదాపు ఒకేలా తచ్చాడుతుంటే పిల్లలు ఫోన్లో వీడియో తీసి, ఫ్రేము ఫ్రేముకూ చుక్కలు పెట్టుకున్నారు. దీవి మరీ పెద్దదైతే పైనా కిందా ఉన్న గాలి నిలువరిస్తుంది, అప్పుడు సైజు మళ్ళీ లెక్కలోకొస్తుంది. పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా అంతగా ఎక్కని సంగతి ఇది.

లోపాలున్నాయి. చెప్పిన రోజుకు ఇవ్వలేదు. ఫోను తగిలించే క్లిప్పు వదులు, రబ్బరు ముక్క వేసుకోవాల్సిందే. అడుగు రబ్బర్లు గట్టివి, బయట బస్సు పోతే బొమ్మ అదురుతుంది. మొత్తం రెండువేల ఎనిమిది వందలు తీసుకున్నారు, ఆ పనికి న్యాయమే.

ఇదే పని చేయించుకునేవాళ్ళు పొరకు గాలి తగలకుండా యాక్రిలిక్ డబ్బా వేరేచోట చేయించుకోండి, ఫ్యాను ఆపండి. ఏసీ లేని గదైతే ఏప్రిల్, మే మధ్యాహ్నాలు వదిలేసి పొద్దున్నే పెట్టుకోండి.