రీడ్ స్విచ్ కాంటాక్టుకు రుథీనియమా, రోడియమా?

రీడ్ స్విచ్ అంటే అయస్కాంతం దగ్గరికి వస్తే పనిచేసే, గాజు గొట్టంలోని చిన్న స్విచ్. అందులో ఒకదానికొకటి తగిలే లోహపు కొసలే కాంటాక్టులు; వాటికి పూతగా వేసేది ఈ రెండు లోహాల్లో ఒకటి. ఆవర్తన పట్టికలో ఇవి పక్కపక్క మూలకాలు: రుథీనియం 44, రోడియం 45. సాంద్రత కూడా దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకు సుమారు 12.4 గ్రాములు. తేడా వేడి దగ్గర తేలుతుంది. రోడియం 1964 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, రుథీనియం 2334 దాకా ఆగుతుంది. స్విచ్ తెరుచుకునేటప్పుడు పుట్టే ఆర్క్ (విద్యుత్ మెరుపు) కాంటాక్టు కొసల్ని కరిగించి అతికించేస్తుంది. అందుకే కరెంటు పారుతుండగానే తరచూ తెరుచుకునే స్విచ్‌కు నా ఓటు రుథీనియానికే. దాని డయాక్సైడ్ కూడా విద్యుత్ వాహకమే, కాబట్టి పైన ఆ పొర పట్టినా కరెంటు ఆగదు. చిప్ రెసిస్టర్లలో పేస్టుగా అద్ది 850 డిగ్రీల దగ్గర కాల్చేది ఈ పదార్థాన్నే.

తెల్లటి మెరుపు కావాలంటే మాత్రం రోడియమే. రుథీనియం పూత బూడిద రంగులోకి, ఒక్కోసారి నలుపులోకి పోతుంది. పూత మందం పెంచితే అంతర్గత ఒత్తిడి వల్ల రెండూ పగుళ్లిస్తాయి.

రుథీనియంతో ఒక జాగ్రత్త తప్పనిసరి: దాని వ్యర్థ ద్రావణంలో బ్లీచ్ వంటి బలమైన ఆక్సీకరణి కలపకూడదు. కలిపితే రుథీనియం టెట్రాక్సైడ్ పుడుతుంది. అది గది ఉష్ణోగ్రత దగ్గరే సులభంగా ఆవిరవుతుంది, విషపూరితం, కళ్లకు ప్రమాదం. అందుకే రుథీనియం ద్రావణాలతో పని ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే గూడులోనే) చేయాలి.